బోర్డు లేని బొంతల కొట్టు, మా అమ్మమ్మ ట్రంకు పెట్టె

విజయవాడ సత్యనారాయణపురంలో, ఒకప్పుడు రైలు కట్ట ఉండి ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డయిన చోటికి రెండు వీధులు లోపల, ఒక మేడ కింద వాటాలో పాత చీరలతో బొంతలు కుడతారు. బోర్డు లేదు. ముందు తీగ మీద ఎప్పుడూ ఒక బొంత ఆరుతూ ఉంటుంది, అదే గుర్తు. అత్తాకోడళ్ళు ఇద్దరే పని చేస్తారు. అత్తగారికి అరవై దాటాయి. వీధంతా పిన్నిగారు అంటారు కాబట్టి నేనూ అలాగే పిలిచాను. పేరు, ఫోన్ నంబరు ఎక్కడా రాయొద్దని ఆవిడే అన్నారు, ఒప్పుకున్న పనే ఇంకా తెమలడం లేదట. అందుకని ఇది అడ్రసు చెప్పడానికి రాస్తున్నది కాదు. పోయినవాళ్ళ చీరలు బీరువాలో పెట్టుకుని, కట్టలేక, పారేయలేక ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళు ఏ ఊళ్ళో ఎవరికి ఇచ్చినా ఏం అడగాలో, ఏం చూసుకోవాలో ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

నేను ఇచ్చిన మూట ఇది. అమ్మమ్మవి ఏడు చీరలు: రెండు వెంకటగిరి నూలు, మూడు ఫుల్ వాయిల్, ఒక మంగళగిరి నిజాం అంచు, ఒక పట్టుచీర. తాతయ్య పంచెలు రెండు. పెడన కలంకారీ దుప్పటి ఒకటి. ఇవన్నీ ఆవిడ ట్రంకు పెట్టెలోవి. మా అమ్మ అయితే వాటిని ఎప్పుడో ఇచ్చేసేదే. మా చిన్నప్పుడు వీధిలో "పాత బట్టలకు స్టీలు సామాన్లు" అని కేక వినపడితే అమ్మ రెండు మూడు చీరలు తీసుకెళ్ళి బేసిన్‌తో తిరిగొచ్చేది. ఆ బేసిన్లు ఇంకా మా ఇంట్లో ఉన్నాయి. ఆ చీరలు ఏవో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు.

పిన్నిగారు మూట విప్పగానే టేపు తీయలేదు. ఒక్కో చీరా తీసుకెళ్ళి గుమ్మం దగ్గర వెలుతురుకి పట్టుకున్నారు. తర్వాత రెండు బొటనవేళ్ళు పక్కపక్కన పెట్టి బట్టని మెల్లగా అటూ ఇటూ లాగారు. పోగులు జరిగి వెనక్కి వస్తే బాగున్నట్టు. సన్నగా 'టిక్' మని శబ్దం వచ్చిందంటే ఆ ముక్క బొంతకి పనికి రాదు. చీరంతా ఒకేలా అరగదని అప్పుడే తెలిసింది. లోపల దోపుకునే చెరుగు ఎండ తగలక రంగు కూడా వెలవకుండా గట్టిగా ఉంటుంది. కింద అంచు మడమలకి రాసుకుని చివికిపోతుంది. కూర్చునే చోట బట్ట జల్లెడలా ఉంటుంది. అమ్మమ్మ వాయిల్ చీరల్లో ఒకదానికి కొంగు అంతా పల్చబడి ఉంది. చేతులు, పిల్లల మూతులు, వేడి గిన్నెలు అన్నీ ఆ కొంగుతోనే కదా తుడిచింది.

ఇంకో చీర వెలుతురుకి పెట్టి, వేలి గోటితో గీకి, "ఇది వడియాల చీర కదమ్మా?" అన్నారు. నిజమే. ఏటా ఎండాకాలం డాబా మీద పరిచేది ఆ చీరే. వడియాలు ఎండాక వెనక నీళ్ళు చిలకరించి ఒలిచేవాళ్ళం. ఎన్నిసార్లు ఉతికినా పోగుల మధ్య పిండి కొంచెం ఉండిపోతుందట. ఆ పిండికీ గంజికీ పురుగు పడుతుంది, అది బొంత మధ్య పొరలో పెడితే బయటికి తెలియకుండా మొత్తం తినేస్తుంది. ఆ చీరని రెండు రోజులు నీళ్ళు మారుస్తూ నానబెట్టాలని, కుంకుడు రసంలో ఉతకాలని చెప్పి నాకే తిరిగి ఇచ్చారు. వచ్చిన పనిని వెనక్కి పంపడం చూసి అప్పుడే ఆవిడ మీద నమ్మకం కుదిరింది.

ఇక అసలు విషయం తుప్పు మరకల చీర. రెండు వెంకటగిరి చీరల్లో పాతది అది. అమ్మమ్మవాళ్ళది నాగాయలంక పక్క పల్లెటూరు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో ఇల్లు పోయింది. వారం తర్వాత బురదలో ట్రంకు పెట్టె దొరికింది. ఉప్పునీళ్ళు నిండిన పెట్టెలో నుంచి ఈ ఒక్క చీరా బతికి బయటపడింది. మూత తగిలిన చోటల్లా ఎర్రటి తుప్పు. అమ్మమ్మ దాన్ని మళ్ళీ కట్టలేదు. ఎవరికీ ఇవ్వలేదు కూడా. బొంతలో ఏది ఉన్నా లేకపోయినా ఆ మరక ఉండాలని నా కోరిక.

పిన్నిగారు మరక మీద వేలు పెట్టి నొక్కితే బట్ట పొడిలా రాలింది. "ఇనుము నూలుని తినేస్తుందమ్మా. ఇది ఇంకా తింటూనే ఉంది" అన్నారు. నిమ్మకాయ, ఉప్పు రాసి ఎండలో పెడితే తుప్పు పోతుంది కదా అన్నాను, మా ఇంట్లో స్కూలు యూనిఫారాలకి అలాగే చేసేవాళ్ళం. కొత్త బట్టకి సరే గానీ ఈ వయసు బట్టకి ఆ పులుపు తట్టుకునే శక్తి ఉండదని, మరకతో పాటు గుడ్డ కూడా పోతుందని చెప్పారు.

ఆ మాట వింటుంటే కలంకారీ దుప్పటి గుర్తొచ్చి విప్పి చూశాను. పూలూ ఆకులూ బాగానే ఉన్నాయి, వాటి చుట్టూ ఉన్న నల్ల గీతలు మాత్రం బ్లేడుతో కోసినట్టు విడిపోయి ఉన్నాయి. ఏదో ఎలుక కొరికిందనుకునేదాన్ని. పెడనలో నలుపు ఎలా చేస్తారో నేను చూశాను: తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరబెడతారు. ఆ నీళ్ళు కరక్కాయ పట్టించిన గుడ్డ మీద పడితే నల్లబడుతుంది. అంటే ఆ గీతల్లో ఉన్నదీ ఇనుమే. ఉప్పెనలో తడిసిన చీరకీ, పెట్టెలో భద్రంగా ఉన్న దుప్పటికీ వచ్చిన జబ్బు ఒకటే. మీ ఇంట్లో పాత కలంకారీ ఉంటే ఇప్పుడే వెళ్ళి నల్ల గీతలు చూడండి. మడత మీద మడత పెట్టకుండా, చుట్ట చుట్టి దాచండి.

నేను ఊరుకోలేదు. ఆ మరక లేకపోతే నాకు బొంతే అక్కర్లేదన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. ఆవిడ కోపగించుకోలేదు, రెండు రోజులు టైం అడిగారు. మళ్ళీ వెళ్తే ఒక పని చేసి చూపించారు. మరకని అలాగే ఉంచి దాని చుట్టూ జానెడు ముక్క కత్తిరించి, కింద తాతయ్య పంచె గుడ్డ రెండు మడతలు వేసి, పైన అమ్మమ్మ తెల్ల వాయిల్ చీరలో గట్టి ముక్క పరిచి, మూడింటినీ కలిపి దగ్గర దగ్గరగా కుట్టారు. వాయిల్ పల్చగా ఉంటుంది కదా, లోపలి మరక గోరింటాకు రంగులో కనపడుతుంది. చేయి తగలదు, రాపిడి ఉండదు. తుప్పు పక్క పొరలకి పాకకుండా దాని కింద వేరే గుడ్డ ఉంది, ఎప్పుడైనా పాడైతే ఆ ఒక్క ముక్కా విప్పి తీసేసేలా కుట్టారు. అది బొంతకి తలవైపు మూలన ఉంది. ఈ పని కోసమే నేను ఈ రివ్యూ రాస్తున్నాను అనుకున్నా తప్పు లేదు.

బొంత కొలత అయిదడుగులు, ఏడున్నర అడుగులు. నాలుగు పొరలు. ఇంత పెద్ద బొంతకి ఏడు చీరలూ కావాలేమో అనుకున్నాను. నిజానికి రెండున్నర చీరలు సరిపోతాయి. అయిదున్నర మీటర్ల చీర ఒకటి దాదాపు రెండు పొరలు వస్తుంది. చీర పన్నా నలభై అయిదు అంగుళాలే కాబట్టి అయిదడుగుల వెడల్పుకి ప్రతి పొరలోనూ అతుకు తప్పదు. ఒక పొర అతుకు మీద ఇంకో పొర అతుకు రాకుండా జరుపుకుంటూ వేస్తారు. లేకపోతే అక్కడ తాడులా ఉబ్బుతుంది, పడుకుంటే వీపుకి తెలుస్తుంది. మీరు బొంత తెచ్చుకునేటప్పుడు రెండు చేతుల మధ్య పెట్టి ఇలాంటి ఉబ్బు ఉందేమో తడిమి చూడండి.

కుట్టే విధానం ఒక మధ్యాహ్నం కూర్చుని చూశాను. పొరలన్నీ నేల మీద పరిచి నాలుగు మూలలా బరువు పెడతారు, అందులో ఒకటి వాళ్ళ పాత రుబ్బురోలు పొత్రం. ముందు మధ్య నుంచి అంచుల వైపు పెద్ద పెద్ద టాకాలు. అలా అయితే ముడతలు బయటికి జరిగిపోతాయి. తర్వాత వేలెడు ఎడంతో వరసలు వరసలుగా దూరపు కుట్టు. ఒక్కో కుట్టూ బియ్యపు గింజంత. దారం బిగించి లాగరు, కొంచెం వదులు ఉంచుతారు. మిషన్ మీద ఎందుకు కుట్టరని అడిగితే ఒక పాత వాయిల్ ముక్క మీద మిషన్ కుట్టు వేసి నా చేతికిచ్చి లాగమన్నారు. పోస్టు స్టాంపుల కాగితం చింపినట్టు సూది బెజ్జాల వెంబడి తిన్నగా చిరిగింది. కొత్త గుడ్డకి మిషన్ కుట్టు బలం. చివికిన గుడ్డకి ఆ దగ్గర దగ్గర బెజ్జాలే దెబ్బ.

పట్టుచీర బొంతలో వేయనన్నారు. మడతల వెంబడి అప్పటికే చీలింది, పైగా జరీ ఒంటికి గుచ్చుకుంటుంది, పక్కనున్న నూలుని కోస్తుంది. అంచు మాత్రం విడదీసి, మిగిలిన ముక్కలతో సహా కవర్లో పెట్టి నాకిచ్చేశారు. ఇది ప్రత్యేకంగా చెప్పాలి. పాతకాలపు అసలు జరీ అంటే వెండి తీగ మీద బంగారం పూత, అందుకే వీధుల్లో పాత జరీ కొంటామని తిరుగుతుంటారు. మనం ఇచ్చిన చీరలో అంచు ఏమైందని చాలామంది అడగరు. అంతకుముందు నేను వేరే ఊళ్ళో ఒక బొటిక్‌లో అత్తగారి పట్టుచీరతో సంచీ కుట్టించుకుంటే, మిగిలింది అడిగినందుకు చిన్నబుచ్చుకున్నారు. ఆ సంచీ మూడు నెలలకే మడత దగ్గర చీలిపోయింది. ఇక్కడ పిన్నిగారు గుప్పెడు గుడ్డ పేలికలు కూడా అప్పచెప్పారు.

చంటిపిల్లల బొంతలు రెండు కుట్టించాను, మా చెల్లెలి కూతురి కోసం. ముప్పై అంగుళాలకి నలభై, అంతా ఫుల్ వాయిల్, మూడు పొరలు. మన ఇళ్ళలో పుట్టిన బిడ్డని కొత్త గుడ్డలో కాకుండా పాత మెత్తని చీర ముక్కల పొత్తిళ్ళలోనే పెట్టేవాళ్ళు. వందసార్లు ఉతికిన నూలుకి ఉండే మెత్తదనం ఏ కొట్లోనూ దొరకదు. కానీ పిన్నిగారు ఒక షరతు పెట్టారు. ట్రంకు పెట్టెలో కలరా ఉండలు వేసి ఉన్న బట్టలు కాబట్టి మూడుసార్లు ఉతికి, వారం రోజులు ఎండలో వేసి, వాసన పూర్తిగా పోతేనే కుడతానన్నారు. ఇది చాదస్తం కాదు. మా పిల్లల డాక్టరుగారిని అడిగితే ఆయనా అదే చెప్పారు. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పసిపిల్లలకి కలరా ఉండల వాసన పట్టిన బట్టలు చుడితే రక్తకణాలు చితికి కామెర్లు ఎక్కువయ్యే ప్రమాదం ఉంది. ఆ లోపం ఉందో లేదో పుట్టగానే మనకి తెలియదు. పాత చీరలు చంటిపిల్లలకి వాడేవాళ్ళెవరైనా ఈ ఒక్కటీ దయచేసి మర్చిపోవద్దు.

ఇప్పుడు నచ్చనివి. ఇరవై రోజులన్నారు, నలభై ఏడు రోజులు పట్టింది. మధ్యలో నాలుగుసార్లు ఫోన్ చేస్తే రెండుసార్లే ఎత్తారు. నాకు బొంత ఆలస్యమైందని కాదు, అమ్మమ్మ చీరలు ఎక్కడున్నాయో ఏమయ్యాయో అని టెన్షన్ పడ్డాను. ఒక్క మాట చెప్తే ఎదురుచూసేదాన్ని. వాళ్ళ దగ్గర రసీదు ఇచ్చే అలవాటు కూడా లేదు. మూట ఇచ్చేముందు నేనే ప్రతి చీరకీ ఫోటో తీసి, కాగితం మీద రాసి, ఆవిడ చేత సంతకం పెట్టించుకున్నాను. ఆవిడకి అది కొత్తగా అనిపించింది గానీ కాదనలేదు. మీరూ అలా చేయండి.

రెండోది దారం. బొంత మొదటిసారి ఉతికినప్పుడు ఎర్ర దారం రంగు దిగి, తాతయ్య తెల్ల పంచె ఉన్న వెనక పొర మీద రెండు గులాబీ చారలు పడ్డాయి. పాత చీరల రంగులు ఎప్పుడో దిగిపోయి స్థిరపడ్డాయి, కొత్తది దారం ఒక్కటే. తీసుకెళ్ళి చూపిస్తే వాదించలేదు. "దారం నీళ్ళలో వేసి చూడకుండా కుట్టాను, నా పొరపాటేనమ్మా" అని మూడు వందలు వెనక్కి ఇచ్చారు. చారలు పోలేదు. ఇంత చేయి తిరిగినవాళ్ళు అంత చిన్న విషయం మర్చిపోవడం నాకు బాధగానే ఉంది. మీరు ఇస్తే గోధుమ రంగు దారమో తెల్ల దారమో అడగండి.

మూడోది, కోడలు మిషన్ మీద కుట్టే కుషన్ కవర్లు. మంగళగిరి చీరతో నాలుగు కుట్టించాను. గుడ్డ నేత దట్టం కాబట్టి మిషన్‌కి తట్టుకుంటుందని ఒప్పుకున్నారు, గుడ్డ తట్టుకుంది కూడా. కానీ కుట్టు బయట వదిలిన గుడ్డ మరీ తక్కువ, పావంగుళం కూడా లేదు. రెండు నెలల్లో ఒకదానికి పోగులు ఊడి కుట్టు జారింది. జిప్పులు నాసిరకం. అది ఆ అమ్మాయికి రాదని కాదు, తొందరలో చేసిన పని. కుషన్ కవర్లయితే మీ వీధి టైలర్ దగ్గర దగ్గరుండి కుట్టించుకోవడమే మేలు. ఇక్కడికి చేతి కుట్టు బొంత కోసం వెళ్ళండి.

డబ్బులు: పెద్ద బొంత 3,200. చిన్నవి ఒక్కొక్కటి 700. కుషన్ కవర్లు ఒక్కొక్కటి 150. బట్ట, లోపలి పొర అన్నీ మనవే. మా వదిన విని "పాత గుడ్డలకి మూడు వేలా" అంది. నాలుగు పొరల మీద వేలెడు ఎడంతో చేత్తో కుట్టడం ఎంత పనో ఒక్క గంట చూస్తే ఆ మాట అనదు. బెంగాలీల కాంతా, బీహారు సుజని, మరాఠీవాళ్ళ గోధడి, కన్నడం వాళ్ళ కౌది అంటే పెద్ద షాపుల్లో అద్దాల వెనక పెట్టి అమ్ముతారు, మనవాళ్ళూ కొంటారు. మన బొంత అనేసరికి లేనివాళ్ళు కప్పుకునేది అనుకుంటాం. పేపర్లో ఏ సంకీర్ణ ప్రభుత్వాన్నయినా తిట్టాలంటే అతుకుల బొంత అని రాస్తారు. మా బొంతలో అతుకులు నేను లెక్కపెట్టాను, ముప్పై ఒకటి. ఉతికి ఆరేస్తూ మూడు నెలలుగా రోజూ వాడుతున్నాం, ఒక్కటి కూడా ఊడలేదు.

ఉతకడం గురించి ఆవిడ చెప్పినవి: మిషన్‌లో వేయొద్దు. పెద్ద టబ్బులో తొక్కి ఉతకాలి, పిండకూడదు. తడిస్తే విపరీతమైన బరువు, ఒక తీగ మీద వేస్తే ఆ బరువుకి కుట్లు లాగేస్తాయి కాబట్టి రెండు తీగల మీదుగా పరిచి నీడపట్టున ఆరబెట్టాలి. నేను మొదటిసారి ఒక్కదాన్నే ఎత్తబోయి నడుం పట్టేసింది, ఇద్దరు ఉండాలి.

చలికాలం ఈ ఒక్క బొంత చాలు. ఎండాకాలం పరుపు మీద పరుచుకుంటే పరుపు వేడి పైకి రాదు. మా అబ్బాయి హాస్టల్ నుంచి వచ్చినప్పుడు రజాయి వదిలేసి ఇదే లాక్కుంటున్నాడు. వాడికి ఆ మూల మరక ఏమిటో చెప్పాను. ఉప్పెన గురించి స్కూల్లో చదివాడట, మా ఇంట్లో దాని ముక్క ఉందని తెలియదు.

వడియాల చీర కుంకుడు రసంలో మూడుసార్లు ఉతికి ఆరేశాను. గోటితో గీకితే ఇప్పుడేమీ రావడం లేదు. సంక్రాంతి అయ్యాక అమ్మ చీరలు రెండిటితో కలిపి తీసుకురమ్మన్నారు. ఈసారి దారం నేనే కొని, ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి పట్టుకెళ్తాను.